లాభం, రెండు, మూడు

పాతపట్నం రోడ్డులో, మహేంద్రతనయ వంతెనకి ఇవతల,
లారీల కాటా నాది.
అంటే మిల్లు యజమానిది.
రాత్రి పది నుంచి తెల్లారి ఆరు దాకా మటుకు నాది.
రసీదు మీద ఒడియా, డ్రైవరుతో తెలుగు,
పళ్లెం ఊడ్చే సొంబారితో సగం సవర, సగం సైగ.
ఇన్నుండగా ఇంకో భాష ఎందుకమ్మా అన్నాడు
కంప్యూటర్ బాగుచేసే దిబాకర్ బాబు.
ఊరికే, అన్నాను.
ఆ మాటకి ఒడియాలో సరిజోడు
పర్లాకిమిడిలో పుట్టి కూడా నాకు దొరకలేదు.

ముందు జావా తెచ్చాడు, పెన్‌డ్రైవులో.
నమస్కారం అని ఒక్క మాట తెర మీద పడాలంటే
తహసీల్దారాఫీసుకి పెట్టినన్ని కాగితాలు.
ఉద్యోగాలన్నీ దీనికే, అన్నాడు.
ఉద్యోగం ఉంది బాబూ,
ఆ ఉద్యోగంలో లారీకీ లారీకీ మధ్య
ఏం చెయ్యాలో తెలీకే కదా నిన్ను పిలిచింది.

తర్వాత పైథాన్.
దీంతో నాకు తగువు లేదు, మంచి పిల్ల.
ఒక్క ఖాళీ తక్కువైతే
చాపలో పుల్ల వంకరపోయినట్టు పట్టేసుకుంటుంది.
నాలుగు రాత్రులు బాగానే గడిచాయి.
అయిదో రాత్రి లారీల నంబర్లు వరసగా రాసి
ఒకటోది చూపించవే అంటే
రెండోది చూపించింది.
సున్నా నుంచి లెక్కపెట్టాలట.
సున్నా అంటే నాకు ఖాళీ పళ్లెం.
దాని మీద ఏ బండిని నిలబెట్టను?

మిల్లులో వెనక గురువులని ఒకాయన కుంచంతో కొలిచేవాడు.
ఒకటి అనేవాడు కాదు.
లాభం, రెండు, మూడు, నాలుగు,
అయిదు, ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది.
ఏడు అంటే గింజ ఏడుస్తుందని.
కాటా వచ్చిన ఏడాది
ఇదే గది గుమ్మంలో కూచుని
ఎర్ర అంకెలు మారడం చూసి, బీడీ ఆర్పి,
దీనికి లాభం తెలీదు అని వెళ్లిపోయాడు.

అందుకే లువా.
దిబాకర్ మొహం చిట్లించాడు, దీన్నెవరడుగుతారు అని.
నేనడిగాను.
చిన్నది. ఈ ముసలి కంప్యూటరు మీద
పిల్లి గోడెక్కినట్టు ఎక్కేసింది.
పట్టీ రాస్తే ఒకటి నుంచే మొదలు.
లేనిదాన్ని అడిగితే నిల్ అంటుంది,
బంద్ రోజున రిజిస్టరులో నేను రాసేదీ అదే.
తెరిచిన ప్రతిదాన్నీ ఎండ్ అని మూసి రమ్మంటుంది.
ఇదొక్కటే మరిచిపోతూ ఉంటాను.
నువ్వు కబుర్లు చెప్పినా అంతేనంటుంది మా చెల్లెలు.

శ్రావణం. బండ్లు లేవు.
వాన పడితే ఖాళీ పళ్లెం కూడా తూగుతుంది,
పది కేజీలు, ఇరవై.
యజమానికి అది తప్పు, సున్నా నొక్కెయ్యమంటాడు.
నొక్కలేదు.
పావుగంటకోసారి చూసి పట్టీలో వేశాను.
పదకొండు వరసల ప్రోగ్రాం,
అందులో రెండు నాకే సరిగా అర్థం కావు.
మొదటిసారి నడిపితే నిల్ అంది.
రెండోసారి తిట్టింది.
మూడోసారి చెప్పింది:
రెండూ ముప్పావుకి
నా పళ్లెమంత మేర, పర్లాకిమిడి మీద,
నలభై కేజీల వాన నిలబడి ఉంది.
సొంబారిని లేపి చూపించాను.
నవ్వి, చీపురు ఎత్తి,
ఇరవై కేజీలు ఊడ్చేసింది.
అది కూడా పట్టీలో వేశాను.

నాలుగింటికి సింహాద్రి బండి, జీడిపిక్కలు, పలాస పోవాలి.
టార్పాలిన్ మీద మడుగు.
రసీదు చూసి నెత్తి కొట్టుకున్నాడు.
"వాననీ తూచీసినావేటప్పా?"
పళ్లెం మీది నీళ్లకి నా దగ్గర లెక్కుందన్నాను.
ఇరవై తీసి వేరే రసీదు కొట్టాను.
ఆ రాత్రికి మొదటి బండి,
రిజిస్టరులో అంకె వేస్తూ పైకే అనేశాను, లాభం, అని.
"లాభమెక్కడిదప్పా," అన్నాడు స్టీరింగు తుడుచుకుంటూ,
"డీజిలుకే సాల్లేదు."