గుడగుడ

మొదట అది మాట్లాడింది.
మూడో అంతస్తులో ఎవరో ఫ్లష్ లాగితే
కింద మా బాత్రూమ్ జాలీలో గుడగుడమంది,
నిద్రలో ఏదో చెప్పబోయి మరిచిపోయిన
ముసలాయన గొంతులా.
నేను తలుపు వేసి
టీవీ శబ్దం పెంచాను.

తర్వాత నీళ్లు అలిగాయి.
స్నానం చేసొచ్చి, జడ అల్లుకుని,
కాఫీ కలుపుకుని వెళ్లి చూస్తే
సబ్బునురగ ఇంకా అక్కడే,
వెళ్లాలా వద్దా అన్నట్టు.
పైవాటా నర్సమ్మాయిల జుట్టే అనుకున్నాను.
మెట్ల మీద నిలబడి
వాళ్లకి వినబడేలా అన్నాను కూడా.
మర్నాడు వాళ్లే వచ్చి జాలీ ఊడదీసి కడిగి
నాలుగంటే నాలుగు వెంట్రుకలు
కాగితంలో చుట్టి చూపించారు.
అందులో రెండు తెల్లవి.

హొరమావు అగరలో వాన పట్టుకుంటే వదలదు.
సాయంత్రం ఆరయ్యేసరికి
గోడ పక్కనుంచి మురిగిన గుడ్డు వాసన.
పందికొక్కు చచ్చిందని ఆయన,
చెరువు గాలని నేను.
సీసాలకి సీసాలు ఫినాయిలు పోశాం,
యాసిడ్ పోశాం.
కంటికి ఆనకుండా మా పని చేసిపెట్టే ప్రాణులు
ఆ చీకట్లో ఉంటాయనీ,
వాటి నోట్లోనే పోస్తున్నామనీ
తెలిస్తే కదా!

అన్నిటికన్నా నన్ను మోసం చేసింది పచ్చదనం.
చెంబుడు నీళ్లు పోసి ఎరగని చోట
గరిక ఏపుగా కమ్ముకుంది,
కనకాంబరాలు విరగబూశాయి.
"నీ చెయ్యి మంచిది రత్నాంబా" అంది ఎదురింటి పుట్టమ్మ.
పొంగిపోయాను.
అక్కడ నేల
తడిసిన పరుపులా అణుగుతోందని
నా చెప్పులకి తెలుసు.
నేనే అడగలేదు.

ఆదివారం లారీ వచ్చింది.
మునిశామప్పది కోలారు తెలుగు.
గోతివైపు చూడనే లేదు ముందు.
"ఇంట్లో ఎంతమంది ఉండారు?"
"నలుగురం."
తలెత్తి
మూడు బాల్కనీల్లో ఆరేసిన బట్టలు లెక్కపెట్టాడు.
"పదారు."

నలుగురికి తవ్విన గొయ్యి అది.
అద్దెల మీద ఆశకొద్దీ అంతస్తులు లేపుతున్నప్పుడు
సిమెంటు బస్తాలు లెక్కపెట్టాం,
ఇనుము తూకం పక్కనుండి చూసుకున్నాం.
కింద ఉన్నదాన్ని
నువ్వు మొయ్యగలవా అనలేదు.
"తీపిచ్చి ఎన్నేండ్లాయ?"
ఆయన నావైపు చూశారు. నేను గేటువైపు చూశాను.

గడ్డపారతో మూత పక్కకి జరిపి
పది అడుగులు వెనక్కొచ్చి నిలబడ్డాడు.
ఫోన్ పట్టుకుని తొంగిచూడబోయిన
మూడో అంతస్తు కుర్రాడికి చెయ్యి అడ్డం పెట్టాడు.
"గాలి పోవాల. కొంచేపు ఉండాల.
మా అన్న ఉండలేదు."
అంతే.
తర్వాత గొట్టం విప్పుకుంటూ, మామూలు గొంతుతో,
"ఇల్లు ముందే చెప్పింటాది కదమ్మా,
గుడగుడ అనలేదా?"
"అనలేదే" అన్నాను.

మోటారు గంటన్నర మోగింది.
పుట్టమ్మ కిటికీలు మూసుకుంది.

పనయ్యాక మంచినీళ్లడిగాడు.
వంటింట్లో నా చెయ్యి
స్టీలు గ్లాసుల వరస దాటుకుని,
నేను చెప్పకుండానే,
పుట్టినరోజుకి తెచ్చి మిగిలిన
కాగితం గ్లాసుల దగ్గర ఆగింది.

ఎక్కడో గుడగుడమంది.
బాత్రూములో కాదు.
టీవీ కూడా వేసి లేదు.

స్టీలు గ్లాసు తీశాను.
ఎత్తి పోసుకుని తాగాడు, అంచు తాకకుండా.
వద్దంటున్నా వినకుండా
బయటి కుళాయి కింద రెండుసార్లు తొలిచి
గట్టు మీద బోర్లించాడు.

ఆ నీళ్లు
ఒక్క క్షణం కూడా నిలవకుండా
సర్రున దిగిపోయాయి.