రిమార్కుల గడి

జూలైలో రావాల్సిన పెట్టెలు
డిసెంబరు నెలాఖరుకి
సఖినేటిపల్లి రేవులో పంటు దిగాయి.
ఏడు అట్టపెట్టెలు, ఒక చెక్కపెట్టె.
మీద ఎర్ర సిరాతో మా హైస్కూలు పేరు,
పేరులో ఒక అక్షరం తప్పు.
ఆ ఒక్క అక్షరానికి
రసీదు మీద సంతకం పెట్టాలా వద్దా అని
అరగంట ఎండలో నిలబడ్డాను.
ఆటో ఓలేటి సత్తిపండు అన్నాడు:
"పెట్టేయండి మేడంగారూ,
రేషన్ కార్డులో మా ఆవిడ పేరూ తప్పేనండి,
కాపురం చేసుకోట్లేదేంటండి?"

పెట్టాను.

నేను చెప్పేది తెలుగు.
సంధులు విడదీస్తాను, సమాసాలు విప్పుతాను.
వొకేషనల్ ఇన్‌చార్జి పని మాత్రం
ఎవరూ చెయ్యెత్తని స్టాఫ్ మీటింగులో
కిటికీలోంచి కాలవ చూస్తూ కూచున్నందుకు వచ్చింది.
అప్పట్నించీ నా సంచిలో
ఛందస్సు నోట్సు పక్కన తాళాల గుత్తి.

ల్యాబ్ అంటే పాత సైన్సు గది.
గోడ మీద ఇంకా కప్ప కడుపు బొమ్మ.
దాని కిందే స్విచ్ బోర్డు విప్పి చూపిస్తాడు
ట్రైనర్ కుడుపూడి శ్రీహర్ష.
అయిదు నెలలుగా జీతం లేదతనికి.
ఏజెన్సీని అడిగితే జిల్లాని అడగమంటారు,
జిల్లాని అడిగితే ఫైలు కదిలిందంటారు.
ఫైలు కదలడమంటే ఏమిటో
ఏటి మొగ దగ్గర పుట్టినదాన్ని, నాకు తెలియాలి:
పోటుకి పైకి, పాటుకి కిందికి,
తాడు మాత్రం అదే గుంజకి.

అయినా తొమ్మిదింటికల్లా వస్తాడు
జేబులో పెన్ను బదులు టెస్టరుతో.
"ముందు మీ చెయ్యి పొడిగా ఉందా చూసుకోండి."
ఈ తడినేల పిల్లలకి
ఇన్నేళ్ళలో నేనింత అవసరమైన వాక్యం చెప్పలేదు.

పెట్టెలు విప్పొద్దన్నారు పాత హెడ్మాస్టారు, ఫోన్లో.
వాడితే పోతాయి, పోతే రికవరీ,
రికవరీ అంటే మీ పెన్షనమ్మా.
ఆయన హయాంలో కుట్టుమిషన్లు
కవర్లు విప్పకుండానే తుప్పు పట్టాయి.
లెక్క మాత్రం సరిపోయింది.

నేను విప్పాను.

ఫిబ్రవరిలో రిజిస్టరు సరిచూస్తే
మల్టీమీటర్లు: వచ్చినవి నాలుగు, ఉన్నవి మూడు.
అడిగాను.
ఫ్యాను కిర్రుమనడం ఒక్కటే వినపడింది.
కిటికీ పక్క బెంచీలోంచి మట్టా దీవెన లేచింది.
"నేనేనండి.
నాన్న రొయ్యల చెరువు కాడ కాపలా అండి.
రాత్రి రెండింటికి ఏరేటరు ఆగిపోయిందండి,
రొయ్య పైకి తేలిపోతందండి.
మోటారు కాల్చేశావని
షావుకారు నాన్న జీతంలో కోస్తానన్నాడండి.
కాలలేదండి. కండెన్సరు పోయిందంతే.
మీటరు పెట్టి చూపించానండి."
"మరి మీటరేదే?"
"చూపించాక, చేతిలోంచి జారిపోయిందండి."

చున్నీ ముక్కలో చుట్టి తెచ్చింది మర్నాడు.
ఊపితే లోపల నీళ్ళ చప్పుడు.
"నా జీతంలో కోసేయండి మేడం," అన్నాడు శ్రీహర్ష.
"ఏ జీతంలో?" అన్నాను.
ముగ్గురం నవ్వాం, దీవెన కొంచెం ఆలస్యంగా.

రిజిస్టరులో గడులున్నాయి:
వచ్చినది, ఉన్నది, పోయినది, విరిగినది.
వాడినది అన్న గడి లేదు.
రాత్రి దీపం కింద చాలాసేపు కూచుని
రిమార్కుల్లో రాశాను:
*ఒక రాత్రి పని చేసింది.*

మార్చిలో ఆడిట్‌కి వచ్చినాయన
ఆ వాక్యం మీద వేలు పెట్టి
అద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ చదివాడు.
"ఇదేంటమ్మా, కవిత్వమా?"
కాదండీ, లెక్కే, అన్నాను.
పదకొండు వందల నలభై వసూలు చేయవలెను అని
ఆకుపచ్చ సిరాతో రాసి, కాఫీ తాగి వెళ్ళిపోయాడు.
కట్టాను. ఉక్రోషం మాత్రం వారం ఉంది.

ఇప్పుడా మీటరు పదో తరగతి బల్ల మీద
వెల్లకిలా పడుకుని ఉంది, పైన గోడమీది కప్పలాగే.
లోపల ఉప్పు తెల్లగా పూసింది.
పాత టూత్‌బ్రష్షుతో దీవెన
ఒక్కో అతుకూ తుడుస్తోంది.
చుట్టూ పదిహేను తలలు.
కరెంటు పోయింది, షరా మామూలే.
నా ఫోను టార్చి వేసి పట్టుకున్నాను.

"కొంచెం ఎడంపక్కకండి మేడం,
మీ నీడ పడతందండి."