లెక్క తగ్గిన రోజు

షాఫ్టర్ దాటాక తారు రోడ్డు వంపు తిరిగే చోట,
సున్నపురాయి వాలు మీద,
నా మోకాలి ఎత్తు కూడా లేదు.
దీన్ని ఓక్ అంటే నవ్వుతారు
ఓక్ నీడన గుర్రాల్ని కట్టేసినవాళ్ళు.
గోరంత ఆకు. అంచున ముళ్ళు.
బూడిదలో ముంచి ఆరేసిన నీలం.
ఏ నెలలో వచ్చినా
ఒంటి మీద ఇంత పచ్చదనం మిగుల్చుకునే ఉంటుంది.

ఇలారియో బయేసా గేటు తాళం తీస్తూ చెప్పాడు:
"మేకల పొదుగులు గీరుకుపోతున్నాయని
మా నాన్న దీన్ని రెండుసార్లు తగలబెట్టాడు.
రెండుసార్లూ లేచొచ్చింది, మా మేనత్తలాగా."
టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని,
"ఇంత తక్కువున్నాయని ఎవరూ చెప్పలేదు మరి."

మూడు రోజులు రాళ్ళ మీద పాకాను.
పొదకో అల్యూమినియం బిళ్ళ, బిళ్ళకో నంబరు,
కాగితం కవర్లో ఒక్కో ఆకు.
నలభై మూడు.
రాత్రి ట్రక్కు వెనక పడుకుని మళ్ళీ తలుచుకున్నాను:
పదిహేడు దక్షిణానికి ఒరిగింది,
ముప్ఫై ఒకటిని జింక కొరికింది,
తొమ్మిదికి కాయ ఉంది.
ఒకే ఒక్క కాయ.

గుట్ట వెనక రాతి పగుల్లో
ఎలుకలు తరతరాలుగా పోగేసిన చెత్తకుప్ప,
వాటి మూత్రమే బెల్లప్పాకంలా గడ్డకట్టి.
అందులో ఈ ఆకే, ఈ ముళ్ళే,
మంచుయుగం నాటివి.
అప్పుడు ఈ లోయంతా ఇదేనట.
రికార్డులు దాచడంలో మా ఆఫీసు కంటే ఎలుకే నయం.

జనవరిలో ల్యాబ్ నుంచి డెల్ఫీన్ ఫోను.
గొంతు తగ్గించింది, ఎవరో నిద్రపోతున్నట్టు.
నలభై మూడు కాదు, నాలుగు.
ఆ వాలు మీది నలభై పొదలూ
మట్టి కింద చేతులు పట్టుకున్న ఒక్కటే.

ఏదీ చావలేదు. ఏ కొమ్మా ఎండలేదు.
ఒక్క మాటతో ముప్ఫై తొమ్మిది పోయాయి.
ఎవర్ని పరామర్శించాలి?

ఫారంలో ఒక గడి: ఎన్ని?
చాలా చిన్న గడి.
నాలుగు అని రాస్తే
నేను మోకాళ్ళు చెక్కుకుని కలిసినవాళ్ళంతా ఎవరు?
నలభై మూడంటే అబద్ధం.
పక్క గడిలో ముందే అచ్చేసి ఉంది:
అంతరించే ప్రమాదం, టిక్కు పెట్టండి.

మార్చిలో వెళ్ళి ఇలారియోకి చెప్పాను.
చాలాసేపు వాలు వైపే చూశాడు.
"అయితే మా నాన్న రెండుసార్లూ
ఒకదాన్నే కాల్చాడన్నమాట."
తర్వాత, "ఆ మిగతా మూడూ ఎక్కడ?"
చూపించాను. తన ట్రక్కు ఎక్కి
ఇంకాస్త దూరంగా తీసుకెళ్ళి ఆపాడు.

తొమ్మిది కాయ రాలిపోయింది,
ఎవరు తీసుకెళ్ళారో తెలీదు.
కింది వాగు ఒడ్డున వేరే జాతి ఓకులున్నాయి,
పుప్పొడి వాటిదే కావచ్చు,
మొలిచినా తల్లి పోలిక రాకపోవచ్చు.

బిళ్ళలు మాత్రం విప్పలేదు.
తీయమని ఆఫీసు రెండు ఉత్తరాలు రాసింది.
గాలి లేచినప్పుడు ఆ వాలు మీద
ఒక్కటే మొక్క
నలభై పేర్లతో టకటకలాడుతుంది.