ఏడో మెట్టు

ట్రూప్ బజార్లో వైరు చుట్టల వెనక
ఇరుకు మెట్లదారి.
పదకొండు మెట్లు. ఏడోది లేదు.
ఎప్పుడు విరిగిందో, మళ్ళీ ఎవరూ పెట్టించలేదు.
ఆరు మీంచి ఎనిమిది మీదికి కాలు చాపాలి,
ఒక చేత్తో కుచ్చెళ్ళు,
ఇంకో చేత్తో పాత పేపర్లో చుట్టిన గాజుముక్కలు.

ప్రాక్టికల్స్‌కి మూడే రోజులు.
మా ల్యాబులో ఉన్న ఒక్క డిశ్చార్జి ట్యూబూ
సెకండియర్ పిల్లాడి మోచేయి తగిలి పోయింది.

"నియాన్ బోర్డులు బందయినయి మేడం,"
సమీవుల్లా కళ్ళద్దాలు నుదుటి మీదికి తోశాడు.
"అంత ఎల్ఈడీయే. ఆఖరుది పోయినేడు.
కోఠిల బట్టల దుకాణం.
'వస్త్రాలయం'ల సున్న ఒక్కటి మాడిపోతే చేసిచ్చిన.
గుండ్రంగ వంచుడే అన్నిట్లకన్న కష్టం."

నేను పందొమ్మిదేళ్ళుగా నల్లబల్ల మీద
తేలిగ్గా సున్నాలు చుడుతున్నాను.
నడిమిన చుక్క, చుట్టూ వలయాలు,
వలయం మీద గానుగెద్దులా ఎలక్ట్రాన్.
ఆ బొమ్మ తప్పని నాకు తెలుసు.
మార్కులు ఆ బొమ్మకే వేస్తాను.

మంట మీద గాజు పాకంలా సాగింది.
రబ్బరు గొట్టం పంటికింద పట్టి ఊదాడు.
పంపు లోపలి గాలంతా లాగేసింది,
చిటికెడు నియాన్ వెళ్ళింది.
స్విచ్చి వేశాడు.
గదంతా మోదుగు పూసింది.

"నలభై ఏండ్ల సంది ముట్టిస్తున్న.
నియానైతే ఎరుపు.
ఆర్గాన్‌ల పాదరసం బొట్టేస్తే నీలం.
ఎందుకో ఎర్కలేదు."

చెప్పాను.
లోపలి గదిలో ఇద్దరు, బయటి గదిలో ఎనిమిది మంది.
బయటివాళ్ళలో ఒకణ్ణి కరెంటు పైమెట్టుకి తోస్తుంది.
అక్కడ నిలవలేక దిగుతాడు.
దిగిన ఎత్తును బట్టి రంగు.

"అంటే పైకి పోయినప్పుడు కాదు,
కింద పడ్డప్పుడా!" అన్నాడు,
తన నలభై ఏళ్ళనీ ఒకసారి తిరగేసుకుంటున్నట్టు.

బ్యాగులోంచి గ్రేటింగ్ ఫిల్ము తీసి ఇచ్చాను.
అట్టచట్రం కంటికి ఆనించుకున్నాడు.
ఎరుపు గీతలు గుంపుగా,
పక్కన నారింజవి, ఒక పసుపు,
దూరంగా ఎవరితో కలవని పచ్చవి రెండో మూడో.
మిగతాదంతా చీకటి.
చాలాసేపు ఏమీ అనలేదు.
కింద ఎవరో స్టెబిలైజరు బేరమాడుతున్నారు.

"నడుమ ఎందుకు ఖాళీ?"
"అక్కడ మెట్లు లేవు."
"మా ఏడో మెట్టు లెక్కనా?"
"కాదు. ఇక్కడ నా కాలు కాసేపు గాలిలో ఉంటుంది.
దానికి ఆ గాలి కూడా లేదు.
ఆరు మీద కొంత, ఎనిమిది మీద కొంత ఉంటుందంటారు.
ఏడు మీద ఎప్పుడూ లేదు."
"ఒక్కతీరు రెండు జాగలల్లనా?"

ఏ పుస్తకం పేరు చెప్పను?
కిటికీలోంచి గల్లీ చూపించాను.
"మెట్రో పడ్డప్పుడు షాపులు కూలగొడతారని
పుకారు లేచింది కదా. అది ఏ దుకాణంలో ఉండేది?"
"అన్నిట్ల. మూలమీది ఫ్యాన్ల దుకాణంల జర ఎక్కువ."
"ఒకణ్ణి ఆపి అడిగితే?"
"అప్పుడు వాని నోట్ల."
తల ఊపాడు. మళ్ళీ అడిగాడు,
"అన్నిట్లకన్న కింది మెట్టు మీదున్నోడన్న
కుదురుగ కూసుంటడా?"
"కూచోడు. అంతకంటే కిందికి పడడు, ఆగనూ ఆగడు."
"అలిసిపోడా?"
"పోడు."
అది ఒక్కటి మాత్రం నమ్మలేదు.

గాజుకి డబ్బులు తీసుకున్నాడు.
పనికి వద్దన్నాడు.
"గా అట్టముక్క ఇచ్చిపోండ్రి."

దిగుతుంటే చీకటి పడింది. ఎనిమిది. ఆరు.
వెనక ఆ గదిలో నియాన్ ఇంకా వెలుగుతోంది,
అతను చట్రం పట్టుకుని
ట్యూబునీ, బల్బునీ, సెల్‌ఫోన్నీ, పొయ్యి మంటనీ
ఒక్కొక్కటే చూస్తున్నాడు.

మర్నాడు స్టాకు రిజిస్టరు తీశాను.
గ్రేటింగ్ ఫిల్ము, ఒకటి, తగ్గింది.
'ప్రస్తుతం ఎక్కడ ఉంది' అన్న గడిలో
పెన్ను కాసేపు ఆగింది.
ఖాళీగా వదిలి సంతకం పెట్టాను.