బెలార్మినో మోకాలి నొప్పి

నలభై మూడు దరఖాస్తులు.
ఏప్రిల్ నుంచి జూలై దాకా.
లెక్క ఎందుకు గుర్తుందంటే
ఫ్రిజ్ తలుపు మీద గీతలు పెట్టేదాన్ని,
ఐదుకొకసారి అడ్డగీత, చాకలి పద్దులాగా.

వల్పరాయిసో రేవులో పందొమ్మిదేళ్ళు
ఓడసరుకుల కాగితాలు రాసినదాన్ని.
కంపెనీ శాంటియాగోకి మారింది.
నా కుర్చీని తీసుకెళ్ళింది, నన్ను కాదు.

నలభై మూడింటికి రెండే జవాబులు:
ఒకటి యంత్రం చెప్పిన కృతజ్ఞతలు,
రెండోది వేరెవరి పేరుతోనో నాకొచ్చిన కృతజ్ఞతలు.

మా దేశంలో ఒక మాటుంది, పితూతో.
తెలిసినవాళ్ళ చేతి మీదుగా దొరికిన పని అని.
అనేటప్పుడు అందరూ గొంతు తగ్గిస్తారు,
దొరికినప్పుడు ఎవరూ వద్దనరు.
మా అమ్మ ఆ మాటను ఉమ్మినట్టు అనేది.
నలభయ్యేళ్ళు ఒకే ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికింది,
పైమెట్టు ఎక్కిన ప్రతివాడికీ
పైన ఒక బావమరిది ఉన్నాడట.
అందుకే నేనెవర్నీ అడగలేదు.
అడగకపోవడాన్ని నిజాయితీ అనుకున్నాను.
కొంత నిజాయితీయే. మిగతాది బిడియం.

ఒక గురువారం, వాన.
కొండెక్కించే బండి ఆగిపోతే మెట్ల దారిన పోతున్నాను.
రొట్టెల కొట్టు చూరు కింద నిబాల్దో,
శీతల గిడ్డంగుల్లో కంప్రెసర్లు బాగుచేసేవాడు.
"యస్నా! ఇప్పుడెక్కడ చేస్తున్నావు?"
నీళ్ళు నమిలాను.
తర్వాత ఎందుకో,
వేడి రొట్టె వాసనకో, బూట్లలో చేరిన నీళ్ళకో,
"ఎక్కడా లేదు" అన్నాను.
మూడు నెలల్లో ఆ మాట పైకి అనడం అదే మొదలు.

అతను జాలిపడలేదు. బుర్ర గోక్కున్నాడు.
"మా దగ్గర బెలార్మినో గారి మోకాలు పోయింది.
గోడ పట్టుకుని దిగుతున్నాడు.
ఆగస్టు దాటడు. ఆయనకే ఇంకా తెలీదు."

అదీ ఉద్యోగం.
ఏ కాగితంలోనూ అచ్చుకాలేదు.
ఒక పెద్దాయన మోకాటిచిప్ప కింద
వాచి, ఎర్రబడి, రాత్రిళ్ళు సలుపుతూ ఉంది.
అది కనబడాలంటే
ఆయన వెనకాలే మెట్లు దిగినవాడై ఉండాలి.

"నీ పేరు చెవిన వేస్తాను" అన్నాడు.
"ఎందుకు?" అన్నాను, మా అమ్మ గొంతుతో.
"చెర్రీల రాత్రి" అన్నాడు.

నాకు గుర్తులేదు. అతనే చెప్పాడు.
ఆరేళ్ళ కిందట, డిసెంబరు, రాత్రి రెండింటికి
కంటైనరు నంబరులో ఒక అంకె తప్పుపడి,
తెల్లారితే ఓడ,
పద్దెనిమిది టన్నుల చెర్రీలు గేటు దగ్గర వేడెక్కుతుంటే
నైటీ మీద రేవు కోటు వేసుకొచ్చి
సరిదిద్ది వెళ్ళిపోయానట.
"ఎవర్నీ తిట్టలేదు నువ్వు."
అదీ అతనికి మిగిలింది.
నాకు అదొక మామూలు రాత్రి.
అతని దగ్గర మాత్రం ఆరేళ్ళుగా
మంచులో దాచినట్టు చెడకుండా ఉంది.

బెలార్మినో గారు ప్రశ్నలడగలేదు.
తప్పున్న బిల్లొకటి నా ముందు పెట్టి
కుంటుకుంటూ టీ కాయడానికి వెళ్ళాడు.
వచ్చేసరికి రెండు తప్పులు చూపించాను.
"నేను పెట్టింది ఒకటే" అన్నాడు.
కాసేపు కిటికీలోంచి క్రేన్లకేసి చూసి
"అయితే నేను వెళ్ళొచ్చు" అన్నాడు.

సెప్టెంబరులో ఆఫీసు మెయిలు తాళం నా చేతికిచ్చారు.
'ఉద్యోగాలు' అని ఒక పెట్టె.
తెరవని ఉత్తరాలు రెండు వందల పన్నెండు.
కిందికి జరుపుతూ పోతే
మే నెల, పదిహేడో తారీఖు, నా పేరు.
నన్ను నేనే తెరిచి చదివాను.
మంచి దరఖాస్తు. ఏ లోపమూ లేదు.

దాన్ని ఆనుకుని ఒరియెట్టా కయుపాన్.
ఇరవై రెండేళ్ళు, కొండ చివరి కాలనీ,
అనుభవం అన్న గడిలో
'తమ్ముడి చేపల బండి లెక్కలు' అని రాసుకుంది.
నిబాల్దో ఆమెకు తెలీదు.
చెర్రీల రాత్రి ఆమెకింకా రాలేదు.

ఫోన్ చేశాను.
"నా గురించి ఎవరు చెప్పారు?" అంది అనుమానంగా.
"నువ్వే. మే నెలలో."
వెనకాల ఎవరో చేపల ధర అరుస్తున్నారు.
పని ఉందని చెప్పలేదు, లేదు కాబట్టి.
గురువారం టీకి రమ్మన్నాను.
మెట్ల దగ్గర జాగ్రత్త,
మూడో మలుపులో జారుతుంది అన్నాను.