సున్నా, పదిహేను, ముప్పై

పొద్దున తొమ్మిదింటికి మడిలో దిగిన.
అద్దాల పెట్టె నాలుగు దుబ్బుల మీద బోర్లించి
సున్నా నిమిషం అని రాసుకున్న.
లోపల బ్యాటరీ ఫ్యాన్ తిరుగుతున్నది,
వరి ఆకులకు జ్వరమొచ్చినట్టు వణుకు.

ఒడ్డు మీద ఈదమ్మ.
"కోళ్లగంప కమ్మినట్టు కమ్మినవు,
ఏం పడుతున్నవు బిడ్డా?"
గాలి, అన్న.
"బయట లేదా గాలి?"

ఉన్నది. కానీ ఈ బురద అడుగున
నీళ్లు నిలిచి ఊపిరాడని చోట
కంటికానని పురుగులు మురిగిన వేర్లను తిని
ఇంకో గాలి వదులుతయి.
అది వరి కాడ బోలుగుండా పైకెక్కి
ఆకాశానికి దుప్పటి కప్పుతది.
పరీక్షల రాసినంత తేలిగ్గా రాలే నాకు.

ఆమె మడిల కాలు పెట్టి నొక్కింది.
బుడబుడ నాలుగు బుడగలు.
"ఇదా?
ఇది నాటేసేటప్పుడు పిక్కల పొంటి రోజూ పాకేదే."

పదిహేను.
సిరంజి గుచ్చి, గుంజి, సీసాకెక్కించి
మూత మీద రాసిన: బిజినేపల్లి, మడి మూడు.

"మడి అంటున్నవు గని
ఇది గుండ్ల చెల్క.
ఆముదాలు, జొన్న, నడుమ కంది సాలు.
చెల్క పడావు పెట్టి, గంప నెత్తిన పెట్టి
ఎవలి ఊరికో కాలువ తవ్వబోయిన.
పదకొండేండ్లు మోసిన మట్టి.
ఆ నీళ్లు ఎట్లుంటయో చూడలే,
తవ్వుడైనంక మమ్ముల లారీ ఎక్కిస్తుండిరి.
మా లిఫ్టు నీళ్లు వచ్చిన్నాడు
తూముకాడ కూసొని
పొద్దుగూకేదాక చూసిన,
ఎనుకకు పోతయేమోనని."

నా ఫోన్ల ఒక పటమున్నది.
దేశమంతా దున్నిన, మేపిన, వండిన పొగ
ఏడాదికింత చొప్పున గీతలు.
పశువులది లావు గీత.
వరిది అటూ ఇటూ సాఫు గీత.
యూరియాది ఎగబాకే గీత.
ఆమె జొన్న గటక తాగిన ఏండ్లల్ల,
పస్తున్న ఏండ్లల్ల
ఆమె వాటా దాదాపు ఏమీ లేదు.
దాన్ని మేం మంచి అంకె అంటం.

ఆ మాట చెప్పలే.
ఎన్ని బస్తాలేస్తవు, అని అడిగిన.
"మూడు.
సొసైటీ ముంగట చెప్పులు లైన్ల నిలబెట్టి
నేను అరుగు మీద పండుకున్న.
చెప్పులకే ముందు దొరికింది."

గడ్డేం చేస్తవు?
ఆమె జవాబియ్యలే.
గట్టు అవుతల కిందటి కారు మసి
ఇంకా నల్లగ కూసున్నది.
ఎడ్లున్ననాడు గడ్డికి పంచాయితీ అయ్యేదట.
ఎడ్లమ్మినంక అగ్గిపెట్టె.

ముప్పై.
ఆఖరి సీసా చేతికిచ్చిన.
ఎండకు పెట్టి చూసి, ఊపి, చెవికాడ పెట్టి,
"ఇండ్ల నా తప్పెంత?" అన్నది.
నవ్వుతదేమోనని చూసిన.
నవ్వలే.

మద్యాన్నం సన్నబియ్యం బువ్వ, పచ్చిపులుసు.
రెండుసార్లు వేసుకున్న.

పొయ్యేముందు చిల్లుల పైపు మడిలో దింపి చెప్పిన:
నీళ్లు ఇండ్ల జానెడు దిగేదాక పెట్టకు,
నేల కొంచెం ఊపిరి తీసుకోనీ.
ఒక కన్ను మూసి తొంగి చూసింది.
"చిన్నబాయి," అన్నది.

పది దినాలకు పోతే
పైపుకు కొడవలి గాటు పెట్టుకున్నది, జానె కొలత.
పక్క మడి మల్కయ్య నవ్విండట
"ఈదమ్మకు నీళ్లు పట్టుడు మర్లవడ్డది" అని.
రాత్రికి అతని ఒడ్డు తెగి
మడి మళ్ల నిండింది.
తెగిందో, తెంపిండో.
నేను అంకెల పక్కన చుక్క పెట్టి
కారణం తెలియదు, అని రాసిన.

బస్సుల ఒడిల డబ్బా. పన్నెండు సీసాలు.
"మందులా?" అన్నడు కండక్టర్.
గాలి అన్న.
నా మొఖం చూసిండు, ఆధార్ చూసిండు,
పాలెం దాక
సున్నా టికెట్ చింపిచ్చిండు.