నాలుగు వందలు

జుమేరాత్ బజార్ల గోడకింద
గోనెసంచి పరిచి కుట్టుమిషన్ తల పెట్టిన.
స్టాండు ఇంట్లనే ఉంచిన, మోయలేక.
ఇరవైరెండేండ్లు నడిచిన మిషన్.
సూది పక్కన నల్లరంగు పోయి ఇనుము తేలింది,
నా బొటనవేలు ఆనే చోటది.

పొద్దుగాల ఇంటామె కిరాయి అడిగి పోయింది,
మెట్ల మీద నలుగురు వినంగ.
ఆ మాట ఇంకా చెవుల్లనే ఉన్నది.
చాయ్ సుత తాగలే.

అతను వచ్చిండు. పండ్లల్ల పుల్ల.
కూసోలే, వంగలే,
చెప్పుకాలితోని చక్రాన్ని ఒక తిప్పు తిప్పి
"చార్ సౌ" అన్నడు
నా దిక్కు సూడకుంటనే.

నాలుగు వందలంటే వారం కూరగాయలు.
లెక్క రాక కాదు,
గజాలు కొలిచి బతికినదాన్ని.
లెక్క తలకెక్కేలోపే
కడుపులకెల్లి ఏదో లేచి నోరు దాటింది:
"తియ్ కాలు."

వద్దన్న మాట
పన్నెండు కిలోలుంటదని అప్పుడు తెలిసింది.
సంకనేసుకొని ఆటో ఎక్కిన.
ఆటోఆయన నూట యాభై అన్నడు,
తగ్గించమననీకి నోరు రాలే.
జియాగూడ దాటకముందే కోపం దిగింది.
వానికి బుద్ధి చెప్పిన అనుకున్న,
జుర్మానా నేను కట్టిన.
అయినా ఆ రాత్రి
నీళ్లచారుతోని తిన్న బువ్వ
ఎందుకో రుచిగనే ఉండె.

మళ్ల జుమేరాత్. రొట్టె తిని పోయిన.
పన్నెండింటికి వాన.
ఆ మనిషే ఉరికొచ్చి
తన నీలి తాడిపత్రి కొసను నా మిషన్ మీదికి గుంజిండు.
తను తడుసుకుంటనే, చక్రాన్ని చేత్తోని తిప్పి,
చెవి పెట్టి విన్నడు.
"నూనె మంచిగ పోసినవమ్మా."
తర్వాత అన్నడు, "చార్ సౌ."

ఇచ్చేసిన.

ధర మారలే. మిషన్ మారలే.
తాడిపత్రి సుత బేరంల ముక్కేనేమో,
ఆ సంగతి నాకు తట్టకపోలే.
పక్కన గరిటెలమ్మే ముంతాజ్ నవ్వింది:
"అవే పైసలు, వారం ఆలస్యం,
పైంగ ఆటోకిచ్చింది వేరే.
గిదేం బేరం అక్కా?"

నాకూ తెల్వదు.
మొన్నటి ఆటోపైసలు మాత్రం
నష్టం కింద రాయబుద్ధి కాదు.

ఇంట్ల స్టాండు ఉత్తగ నిలబడ్డది.
బియ్యం ఏరుకుంట ఏరుకుంట
కాలు దాని మీదికి పోతది, తొక్కుతది.
కింది చక్రం తిరుగుతది.
పైన ఏం లేదు.